గడ్డం గీసుకోని కాయ

హార్బర్లో నేను క్రేన్ నడుపుతాను.
ఇరవై టన్నుల పెట్టెని
ఓడ పొట్టలో చెప్పిన చోట
గుడ్డు పెట్టినంత మెల్లగా దింపుతాను.
ఇంటికొచ్చాక
నాలుగు వేళ్ల మీది ముద్దని
రెండంగుళాల నోట్లో దింపలేను.

మా మేఖలకి అయిదేళ్లు.
తెల్లగా ఉన్నదే తింటుంది:
పెరుగన్నం, ఇడ్లీ, చట్నీ తగలని ఇడ్లీ.
పెరుగులో తాలింపు పడిందా,
ఆవగింజల్ని ఒక్కొక్కటే ఏరి
కంచం అంచున నిలబెడుతుంది
బడికి ఆలస్యమైన పిల్లల్లాగా.
కరివేపాకు కనబడితే ఇక ఆ పూటకి సమ్మె.

కాకి ముద్ద, పిల్లి ముద్ద అయిపోయాయి.
డాల్ఫిన్ కొండకొకటి, లైట్‌హౌస్‌కొకటి పెట్టాం.
ఆషాఢం మబ్బుల్లో
చందమామ డ్యూటీకే రావడం లేదు.

ఓ రాత్రి షిఫ్టు దిగి వచ్చి
"తింటావా తినవా?" అన్నాను.
ఆ గొంతు నాది కాదు.

జ్ఞానాపురంలో, నాకు ఏడేళ్లప్పుడు,
కాకరకాయ కూర ముందు నన్ను కూర్చోబెట్టి
మా నాన్న గడియారం వైపు చూసిన గొంతు అది.
పదకొండైంది.
గూడ్సు బండి వెళ్తున్నంతసేపూ ఏడ్చాను, వినబడదు కదా అని.
ఆఖరికి కంచం ఖాళీ అయింది.
ఆ తరవాత ముప్ఫై ఏళ్లు
కాకరకాయ ఉన్న విస్తరి దగ్గర
నేను కూర్చోలేదు.

కంచం తీసేశాను.
ఆకలి వేస్తే అడగమన్నాను.
అడగలేదు. పడుకుంది. నాకే నిద్ర పట్టలేదు.

గాలి ఉన్నప్పుడు పెట్టె దించకూడదు.
ఊగడం ఆగేదాకా
పట్టుకుని ఉండాలి, అంతే.
ఈ సంగతి జీతం తీసుకుని మరీ
రోజూ చేస్తాను నేను.

ఆదివారం కంచరపాలెం రైతు బజారు.
"నీకు నచ్చింది ఒకటి కొనుక్కో.
తినక్కర్లేదు."
నమ్మలేదు. నా మొహం చూసింది.
టమాటాలు దాటింది, బీట్‌రూట్‌కి దండం పెట్టింది,
పనసపొట్టు కొడుతున్న కత్తి దగ్గర కాసేపు ఆగింది.
ఎర్నమ్మ గోనె మీద
పచ్చగా, ముళ్లుముళ్లుగా, గుప్పెడంత కాయలు.
ఒకటి తీసి చెంపకి రాసుకుంది.
తరవాత నా చెంప తడిమింది.
"నాన్నా, దీనికీ గడ్డమే!"

"ఆగాకరకాయమ్మా" అంది ఎర్నమ్మ.
"ముల్లు గుచ్చుకోదు బుల్లీ, ఒట్టి బెదిరింపే.
అయినా మీ నాన్నేటి, అలా ఎనక్కి జరిగిపోతన్నాడు?"

కాకరకి చుట్టం కదా మరి.

సోమవారం దానికి స్నానం చేయించింది.
మంగళవారం పేరు పెట్టింది: పైడిరాజు.
బుధవారం పొద్దున్న
"పైడిరాజు లోపల ఏముంటుంది?" అంది.

కత్తి నేను పట్టుకున్నాను,
నా చెయ్యి తను పట్టుకుంది.
కాయ రెండయింది.
"తెల్లగా ఉంది!" అని అరిచింది,
పక్కింటి ప్రెషర్ కుక్కర్ కూడా ఒక క్షణం ఆగింది.

ఉల్లిపాయ, కొంచెం కారం, సన్నసెగ.
స్టూలెక్కి తనే ఉప్పు వేసింది, రెండుసార్లు వేసింది.
కంచాలు పెట్టాను.
ముక్క వాసన చూసింది. నాకింది. దించింది.
"ముందు నువ్వు."

ముప్ఫై ఏళ్ల తరవాత
నా ముందు మళ్లీ ఓ కంచం,
ఎదురుగా ఓ న్యాయమూర్తి, పళ్లెంకి అంటని మోచేతులు.
నమిలాను.
చేదు లేదు. ఉప్పెక్కువైంది.
కళ్లలో నీళ్లొస్తే కారం అన్నాను.

అప్పుడు తనూ ఓ ముక్క కొరికింది.
నాలుగుసార్లు నమిలి,
ఆలోచించి,
చెయ్యి చాపమంది నన్ను.
అరచేతిలో వెచ్చగా, తడిగా పెట్టింది.
"బాలేదు. రేపు మళ్లీ అడుగు."

పెరుగన్నం కలిపాను.
తాలింపులో ఏడే ఆవగింజలు, లెక్కపెట్టి వేశాను.
కంచం కడుగుతూ చూశాను,
అంచున ఆరే ఉన్నాయి.

నేనేం అనలేదు.